తొమ్మిదంగుళాల విక్టోరియన్ గోడకు లోపలి నుంచి ఇన్సులేషన్: చెమ్మ చేరకుండా చేసే పద్ధతి

బ్రిటన్‌లో ఈస్ట్ హామ్, ఇల్‌ఫర్డ్, రెడింగ్ లాంటి చోట్ల 1919కి ముందు కట్టిన వరస ఇళ్లు వీధుల కొద్దీ ఉన్నాయి. అలాంటి ఇల్లు కొనుక్కున్న తెలుగు కుటుంబాలకు మొదటి చలికాలంలోనే ఒక సంగతి అర్థమవుతుంది: హీటింగ్ ఎంతసేపు వేసినా వీధివైపు గోడ పక్కన మంచం వేసుకోలేం. ఆ గోడ తొమ్మిదంగుళాలది, మధ్యలో ఖాళీ లేని గట్టి ఇటుక కట్టుబడి. ముందువైపు ఇటుక పనితనం, కిటికీల చుట్టూ రాతి అలంకరణ ఉంటాయి కాబట్టి బయట నుంచి కప్పేస్తే ఇంటి ముఖమే పోతుంది. అందుకని ఇన్సులేషన్ (వేడి బయటికి పోకుండా ఆపే పొర) లోపలి నుంచే వేయాల్సి వస్తుంది.

లోపలి నుంచి వేస్తే వేడి తప్పకుండా మిగులుతుంది. కానీ పద్ధతి తప్పితే గోడలో చెమ్మ చేరి, దూలాల చివరలు పుచ్చిపోతాయి. అదంతా బోర్డుల వెనకాల, ఏళ్ల తరబడి కంటికి కనబడకుండా జరుగుతుంది. ఈ పనిలో వేడి లెక్క తేలిక, చెమ్మ లెక్కే కష్టం. కాబట్టి రెండో దాని మీదే ఎక్కువ చెబుతాం.

మీ గోడ అదేనా

బయట ఇటుకల వరస చూడండి. ఇటుక పొడవు వైపు, పొట్టి వైపు రెండూ కలగలిసి కనిపిస్తే అది గట్టి గోడ. పొడవు వైపు మాత్రమే కనిపిస్తే మధ్యలో ఖాళీ వదిలి కట్టిన క్యావిటీ గోడ కావచ్చు, దాని వైద్యం వేరు. తలుపు దగ్గర గోడ మందం కూడా కొలవండి. లోపలి పూతతో కలిపి 260 మి.మీ. లోపు ఉంటే దాదాపుగా తొమ్మిదంగుళాల గట్టి గోడే.

ఇంకో మాట. అటక మీద 270 మి.మీ. ఇన్సులేషన్ లేకపోయినా, కిటికీల సందుల్లోంచి గాలి దూరుతున్నా, ముందు వాటి సంగతి చూడండి. ఖర్చు తక్కువ, ప్రమాదం తక్కువ, ఫలితం వెంటనే తెలుస్తుంది. గోడ పని వాటి తర్వాతే.

మందం పెంచితే ఏమవుతుంది

తొమ్మిదంగుళాల గోడకు లెక్క ప్రకారం యు-వాల్యూ దాదాపు 2.1 వస్తుంది. అంటే లోపలికీ బయటికీ ఒక డిగ్రీ తేడా ఉంటే ప్రతి చదరపు మీటరు నుంచీ 2.1 వాట్ల వేడి పోతుంది. గోడ మీద పరికరం పెట్టి కొలిస్తే తరచు ఇంతకన్నా తక్కువే తేలుతుంది, కానీ ఇక్కడి లెక్కలన్నిటికీ 2.1నే తీసుకున్నాం. దీనికి లోపల వుడ్ ఫైబర్ బోర్డు (చెక్క పీచుతో చేసిన పలక) వేస్తే, 40 మి.మీ. మందానికి 0.68, 60కి 0.51, 80కి 0.40, 100కి 0.34 అవుతుంది. మొదటి 40 మి.మీ.తోనే గోడలోంచి పోయే వేడి 68 శాతం తగ్గింది. 60తో 76 శాతం. ఆ పైన ఇంకో 40 మి.మీ. కలిపి 100 చేసినా 84 దగ్గరే ఆగుతుంది.

ఇప్పుడు రెండో వైపు చూడండి. బయట 0 డిగ్రీలు, గదిలో 20 ఉన్నప్పుడు ఇన్సులేషన్ లేని గోడ లోపలి ముఖం 14.5 డిగ్రీల దగ్గర ఉంటుంది. 60 మి.మీ. బోర్డు వేశాక ఆ బోర్డు వెనక ఉన్న ఇటుక ముఖం 3.5కి పడిపోతుంది. 100 వేస్తే 2.3కి. గదిలో తేమ 60 శాతం ఉంటే 12 డిగ్రీల దగ్గరే నీళ్లు పట్టడం మొదలవుతుంది. కాబట్టి గది గాలి ఏ సందులోంచైనా బోర్డు వెనక్కి చేరిందా, చల్లటి ఇటుక మీద చెమరించి నీళ్లు కారక తప్పదు. పైగా ఇంతకు ముందు హీటింగ్ వేడి గోడలోంచి పోతూ పోతూ దాన్ని ఆరబెట్టేది. ఇప్పుడు ఆ వేడిని మనం ఆపేశాం. వానకు తడిసిన ఇటుక ఆరడానికి ఎక్కువ కాలం పడుతుంది, గడ్డకట్టే చలిలో మెత్తటి ఇటుక ముఖం పెచ్చులు లేస్తుంది.

అందుకే తొమ్మిదంగుళాల గోడకు 40 నుంచి 60 మి.మీ. దగ్గర ఆగమని మా సలహా. ఇంగ్లండ్ బిల్డింగ్ రెగ్యులేషన్స్ గోడలకు అడిగేది 0.30. ఈ బోర్డుతో అది రావాలంటే దాదాపు 115 మి.మీ. కావాలి. అయితే చెమ్మను పీల్చి వదిలే పాత కట్టడాలకు, దీర్ఘకాలంలో గోడ దెబ్బతినే ప్రమాదం ఉంటే, అంతకన్నా తక్కువతో సరిపెట్టుకునే వీలు ఆ నిబంధనల్లోనే ఉంది. ఈ విషయం పని మొదలుపెట్టక ముందే కౌన్సిల్ బిల్డింగ్ కంట్రోల్ వాళ్లతో మాట్లాడి రాతపూర్వకంగా తీసుకోండి. గదిలో బయటి గోడ పూత సగానికి మించి రాలగొట్టినా ఈ నిబంధనలు వర్తిస్తాయి.

ఇల్లు లిస్టెడ్ బిల్డింగ్ (చారిత్రక కట్టడంగా జాబితాకెక్కినది) అయితే గ్రేడ్ 1, 2-స్టార్, 2 ఏదైనా సరే, లోపలి పనికి కూడా లిస్టెడ్ బిల్డింగ్ కన్సెంట్ తప్పనిసరి. 1990 చట్టం కింద అనుమతి లేకుండా చేయడం నేరం. పాత కార్నిస్‌లు (గోడా పైకప్పూ కలిసే చోటి అలంకరణ పట్టీలు), చెక్క ప్యానెళ్లు, అసలు సున్నపు పూత ఉన్న గదిని వదిలేయడమే మంచిది. వాటిని బోర్డు వెనక పాతిపెట్టి మిగిల్చే వేడి ఆ నష్టానికి సరిపోదు.

ముందు గోడ ఆరాలి

తడి గోడకు బోర్డు వేయడం ఈ పనిలో అన్నిటికన్నా పెద్ద తప్పు. నిచ్చెన వేసుకుని గట్టర్లు చూడండి, వాన పడుతుండగా ఒకసారి బయట నిలబడి చూడండి. పైపు జాయింటులోంచి గోడ మీదుగా నీళ్లు కారుతుంటే ఇటుక మీద పచ్చటి చార కనిపిస్తుంది. బయట నేల మట్టం లోపలి ఫ్లోరు కంటే కనీసం 150 మి.మీ. కిందికి ఉండాలి. ఏళ్ల తరబడి మట్టి, పేవింగ్ పోసి పెంచి ఉంటే తవ్వి దించండి. చెక్క ఫ్లోరు కింద గాలి ఆడే ఎయిర్ బ్రిక్‌లు పూడిపోయి ఉంటే తెరవండి.

ఇటుకల మధ్య సందుల్లో సిమెంటు పూసి ఉంటే దాన్ని తీయాలి. సిమెంటు ఇటుక కన్నా గట్టిది. వెంట్రుక వాసి పగులులోంచి వాన లోపలికి పోతుంది కానీ తేమ బయటికి రాదు, దాంతో ఇటుకే తన ముఖాన్ని పోగొట్టుకుంటుంది. యాంగిల్ గ్రైండర్‌తో కోస్తే ఇటుక అంచులు తెగుతాయి, కాబట్టి సన్నటి ఉలితో ఓపిగ్గా తీసి, సున్నం మాల్‌తో నింపాలి. చార్మినార్ లాంటి కట్టడాలను నిలబెట్టిన డంగు సున్నం గురించి మనవాళ్లకు చెప్పనక్కర్లేదు. ఇక్కడి పాత ఇళ్ల మాల్ కూడా సున్నమే. నీళ్లను పీల్చి మళ్లీ వదలగలగడమే దాని బలం. బయటి గోడకు ప్లాస్టిక్ పెయింటు, సిమెంటు పూత (రెండర్) ఉంటే అది తీసే వరకు లోపలి ఇన్సులేషన్ జోలికి పోవద్దు.

ఈ మరమ్మతులయ్యాక ఒక ఎండాకాలం మొత్తం గోడను ఆరనివ్వండి. రెండు సూదులు గుచ్చే తేమ మీటరు చెక్క కోసం చేసింది. ఇటుక మీద అది చూపే అంకెను నమ్మొద్దు, లవణాలు ఉంటే పొడి గోడను కూడా తడి అంటుంది. ఒకే చోట నెల నెలా పెట్టి తగ్గుతోందా లేదా అని మాత్రమే చూడండి. కచ్చితంగా తెలియాలంటే గోడలోంచి పొడి తీసి కార్బైడ్ మీటరుతో పరీక్ష చేయించాలి.

నైరుతి, పడమర దిక్కుల నుంచి గాలివాన సూటిగా కొట్టే గోడలకు, భూమిలోకి దిగిన బేస్‌మెంట్ గోడలకు, చెక్క చట్రంతో కట్టిన ఇళ్లకు ఈ పద్ధతిని గుడ్డిగా వాడొద్దు. అక్కడ నిపుణుల చేత గంట గంటకూ వాన, ఎండ లెక్కలోకి తీసుకునే కంప్యూటర్ మోడల్ నడిపించాలి. ఆవిరిని మాత్రమే చూసే పాత గ్లేజర్ లెక్కకు వాన సంగతే తెలియదు.

ఏ బోర్డు

తెలుసుకోవాల్సినది ఒక్కటే సూత్రం: బోర్డు ఆవిరిని అడ్డుకోకూడదు, గోడలో చేరిన నీటిని పీల్చి గదివైపు ఆరనివ్వాలి. వుడ్ ఫైబర్ బోర్డు, కాల్షియం సిలికేట్ బోర్డు, హెంప్-సున్నం, కార్క్ కలిపిన సున్నపు పూత ఈ కోవలోవి. కాల్షియం సిలికేట్ నీటిని బాగా పీలుస్తుంది, బూజు పట్టనివ్వదు, కానీ అంతే మందానికి వుడ్ ఫైబర్ కన్నా తక్కువ వేడి ఆపుతుంది. తేమ ఎక్కువుండే గోడలకూ, కిటికీ పక్కలకూ అది నప్పుతుంది.

రేకు అంటించిన పీఐఆర్ ఫోమ్ (గట్టి ప్లాస్టిక్ నురగ) బోర్డును జిప్సం ముద్దలతో చుక్కలు చుక్కలుగా అంటించే పద్ధతి చౌక, తొందరగా అవుతుంది, బిల్డర్లు ముందు అదే చెబుతారు. ఒప్పుకోవద్దు. ముద్దల మధ్య ఖాళీలో గది గాలి తిరుగుతుంది, 3 డిగ్రీల ఇటుక మీద చెమరిస్తుంది, రేకు దాన్ని బయటికి రానివ్వదు. ఎండాకాలంలో తడిసిన గోడ మీద ఎండ పడితే ఆవిరి లోపలివైపే నడుస్తుంది, అప్పుడూ రేకు దగ్గరే ఆగిపోతుంది.

ఒక గదికి సరుకు లెక్క

గోడ పొడవు 4 మీటర్లు, ఎత్తు 2.7, అందులో 1.2 × 1.5 కిటికీ అనుకుందాం. కిటికీ తీసేస్తే 9 చదరపు మీటర్లు. 1200 × 600 మి.మీ. బోర్డులు పన్నెండున్నర పడతాయి, తరుగుతో కలిపి 14 తెప్పించండి. అంటించే సున్నపు మాల్ చదరపు మీటరుకు 6-7 కిలోల చొప్పున 25 కిలోల బస్తాలు 3. మెష్ (వల) పరిచే మొదటి పూత 5 మి.మీ.కి మరో 3 బస్తాలు, పై పూతకు 2. బోర్డును గోడకు బిగించే, ఇన్సులేషన్ మూత ఉన్న ఫిక్సింగులు చదరపు మీటరుకు 6, అంటే 54, మొత్తం 60 తీసుకోండి. కంపెనీని బట్టి ఈ తూకాలు కొద్దిగా మారతాయి, బస్తా మీద చూసుకోండి.

0 డిగ్రీల రోజున ఈ గోడ నుంచి ఇదివరకు 378 వాట్లు పోయేవి. 60 మి.మీ. వేశాక 92. గదిలో పోయే చోటు దాదాపు 75-80 మి.మీ.

పని వరస

గీకడం మొదలుపెట్టక ముందు రెండు పరీక్షలు చేయించండి. 2000కి ముందు వేసిన గరుకు ఆర్టెక్స్ పూతల్లో ఆస్బెస్టాస్ ఉండొచ్చు, పాత పెయింటు పొరల్లో సీసం ఉండొచ్చు. పిల్లలున్న ఇంట్లో వీటిని పొడిగా రుద్దడం చాలా ప్రమాదం.

స్కర్టింగు, రేడియేటరు, స్విచ్చు బోర్డులు విప్పి పక్కన పెట్టండి. వాల్‌పేపరు, వినైల్ పెయింటు, గులాబీ రంగు జిప్సం పూత పూర్తిగా పోవాలి. జిప్సం తేమ తగిలితే మెత్తబడి ఊడుతుంది, దాని మీద అంటించిన బోర్డు కూడా దానితోపాటే వస్తుంది. పాత సున్నపు పూత గట్టిగా ఉంటే ఉంచండి. రసమట్టం, పొడవాటి పట్టీ పెట్టి చూస్తే పాత గోడలు ఎక్కడా చదునుగా ఉండవని తెలుస్తుంది. గుంటలను సున్నపు మాల్‌తో నింపి గోడంతా ఒక మట్టానికి తెచ్చి, ఆ పూత ఆరనివ్వాలి. ఈ చదును పని ఆ పైన జరిగే అన్నిటికీ పునాది.

గోడను కొద్దిగా తడిపి, పళ్ల తాపీతో బోర్డు వెనక అంతటా మాల్ పట్టించండి. మధ్యలో గాని, అంచుల్లో గాని పొడి చోటు మిగలకూడదు. కింది వరస నుంచి మొదలుపెట్టి, ఫ్లోరుకు తగలకుండా కింద సన్న కార్క్ పట్టీ వేసి, బోర్డును గోడకు అదిమి కొద్దిగా పక్కకు జరిపితే మాల్ గోడకు పూర్తిగా అతుక్కుంటుంది. మొదటి బోర్డును పెట్టిన వెంటనే ఊడదీసి వెనక చూడండి. మాల్ గోడకూ బోర్డుకూ రెండింటికీ అంటి ఉంటే పళ్ల లోతు సరిపోయినట్టు. ఒకవైపే ఉంటే ఇంకా లోతు పళ్లున్న తాపీ తీసుకోవాలి. మర్నాడు వేలి కణుపుతో బోర్డంతా తట్టండి. డొల్లగా మోగిన చోట వెనక ఖాళీ ఉంది, అక్కడ బోర్డు తీసి మళ్లీ వేయాల్సిందే.

రెండో వరస జాయింట్లు మొదటి వరస జాయింట్ల మీద పడకుండా ఇటుక కట్టినట్టే తప్పించండి. సందు మిగిలితే బోర్డు ముక్కలే కోసి దూర్చాలి, ఫోమ్ కొట్టొద్దు. మాల్ గట్టిపడ్డాకే ఫిక్సింగులు బిగించాలి. ముందే బిగిస్తే బోర్డు ఒక మూల లోపలికి పోయి ఇంకో మూల పైకి లేస్తుంది.

నీళ్ల పైపులు ఏవీ బోర్డుకూ ఇటుకకూ మధ్య ఉండకూడదు, చలికాలంలో గడ్డకట్టి పగులుతాయి. వాటిని గదివైపుకు తేవాలి. కరెంటు వైర్లు ఇన్సులేషన్‌లో కప్పబడితే వేడెక్కుతాయి, అంత కరెంటు మోయలేవు. ఎలక్ట్రీషియన్ చేత లెక్క చూపించి మార్పించండి. రేడియేటరు, అల్మరా తగిలించే చోట్ల ముందే అనుకుని గట్టి చెక్క దిమ్మలు బిగించుకోవాలి, ఒట్టి వుడ్ ఫైబర్ బరువు మోయదు.

తర్వాత 5 మి.మీ. సున్నపు పూత, ఆ పూత మందంలో గదివైపు మూడో వంతులో గ్లాస్ ఫైబర్ మెష్. మెష్ పట్టీలు ఒకదాని మీద ఒకటి 100 మి.మీ. ఎక్కాలి. కిటికీ మూలల్లో ఏటవాలుగా అదనపు ముక్క వేయకపోతే మొదటి ఏడాదే మూల నుంచి పగులు మొదలవుతుంది. మందానికి మిల్లీమీటరుకు ఒక రోజు చొప్పున ఆరనిచ్చి, 3 మి.మీ. పై పూత వేయండి. హీటరు పెట్టి తొందరగా ఆరబెడితే సున్నం గట్టిపడక పొడిపొడిగా రాలుతుంది. గది 5 డిగ్రీల కన్నా చల్లబడకూడదు. రంగుగా సున్నం వెల్ల, క్లే పెయింటు, సిలికేట్ పెయింటు వాడండి. మామూలు వినైల్ ఎమల్షన్ రెండు పూతలు వేస్తే ఇంతవరకూ చేసిన పనికి తాళం వేసినట్టే.

కిటికీ పక్కలు, గోడలు కలిసే చోట్లు

గోడ వెచ్చబడ్డాక గదిలో అతి చల్లటి చోటు కిటికీ పక్కలే అవుతాయి. అక్కడ బూజు మొదలైన ఇళ్లలో సాధారణంగా పక్కలకు ఇన్సులేషన్ వదిలేసి ఉంటారు. కిటికీ చట్రం దగ్గర చోటు ఉన్నంత వరకు, కనీసం 10-20 మి.మీ. సన్న బోర్డు లేదా ఇన్సులేషన్ ఉన్న సున్నపు పూత వేయాలి. పక్కింటితో కలిసిన గోడ, లోపలి అడ్డగోడ బయటి గోడను తాకే మూలల్లో కూడా 300-400 మి.మీ. దాకా, చివరికి సన్నబడుతూ పోయే బోర్డు తిప్పితే మూల చల్లదనం తగ్గుతుంది.

దూలాల చివరలు

ఫ్లోరు దూలాల చివరలు బయటి గోడలో దూరి ఉంటే, ఇన్సులేషన్ వేశాక అవి చల్లటి, తడి ఇటుకలో కూర్చుంటాయి. చెక్కలో తేమ 20 శాతం దాటి చాలాకాలం ఉంటే పుచ్చుడు మొదలవుతుంది. డ్రై రాట్ (చెక్కను తినే ఒక రకం బూజు) ఒకసారి పట్టిందంటే గోడలోంచి పక్క గదికి కూడా పాకుతుంది. పని మొదలు పెట్టేముందే ఫ్లోరు పలక ఒకటి ఎత్తి దూలం చివర సూదులు గుచ్చి తేమ కొలవండి. స్క్రూడ్రైవరు మెత్తగా దిగితే ఆ చివర కోసి బాగు చేయించాకే మిగతా పని.

దూలం చుట్టూ గది గాలి గోడలోకి పోకుండా టేపుతో, సీలుతో మూసేయాలి. ఇది చాలామంది వదిలేసే మెట్టు. గాలితోపాటు పోయే ఆవిరి, బోర్డులోంచి మెల్లగా పోయేదానికన్నా ఎన్నో రెట్లు ఎక్కువ. డెన్మార్క్ పరిశోధకులు ఇంకో ఉపాయం పరీక్షించారు: ఫ్లోరు దగ్గర 200-300 మి.మీ. మేర ఇన్సులేషన్ వేయకుండా వదిలితే ఆ వేడి దూలం చివరను కొంత ఆరుస్తుంది. వేడి కొంచెం పోతుంది కానీ, గాలివాన తగిలే గోడలో అనుమానం ఉన్న దూలాలకు మేం దీన్నే ఎంచుకుంటాం. డెన్మార్క్‌లోని ఆల్‌బోర్గ్ యూనివర్సిటీ నడిపిన రిబిల్డ్ అనే యూరోపియన్ ప్రాజెక్టు 2015-2020 మధ్య ప్రత్యేకంగా ఇలాంటి లోపలి ఇన్సులేషన్ మీదే పనిచేసింది.

వంటింటి ఆవిరి

సందులన్నీ మూసేశాక ఇంట్లో పుట్టే తేమకు దారి చూపాలి. మన వంటిళ్లలో అన్నం, పప్పు, సాంబారు రోజూ ఉడుకుతాయి, కుక్కర్ విజిల్స్ వేస్తుంది, చలికాలంలో బట్టలు గదిలోనే ఆరేస్తాం. ఒక వాయి బట్టలు ఆరితేనే దాదాపు 2 లీటర్ల నీళ్లు గాలిలోకి వస్తాయి. స్టవ్ మీద హుడ్ బయటికి గాలి పంపేది అయ్యుండాలి, సెకనుకు 30 లీటర్లు. హుడ్ లేకుండా గోడ ఫ్యాన్ అయితే 60, బాత్‌రూముకు 15. చార్‌కోల్ ఫిల్టరు హుడ్ వాసన తగ్గిస్తుంది, ఆవిరిని మళ్లీ వంటింట్లోకే వదులుతుంది. ఆగకుండా మెల్లగా తిరిగే ఫ్యాన్లు ఇలాంటి ఇంటికి ఇంకా మేలు. గది గాలితో మండి పాత చిమ్నీలోంచి పొగ వదిలే గ్యాస్ ఫైర్ ఏదైనా ఉంటే, ఫ్యాన్ నడిచినప్పుడు పొగ గదిలోకి తిరిగొచ్చి కార్బన్ మోనాక్సైడ్ చేరవచ్చు. దాన్ని ముందే గ్యాస్ సేఫ్ ఇంజనీరు చేత పరీక్ష చేయించండి, అలారం పెట్టండి.

తర్వాత చూసుకోవాల్సినవి

బోర్డులు అంటించేటప్పుడే ఉత్తరపు గోడలో, వానకొట్టే గోడలో ఇటుకకూ బోర్డుకూ మధ్య ఒక్కో చిన్న తేమ సెన్సరు పెట్టి వైరు బయటికి తీయండి. దూలం చివరల్లో రెండింటికి కూడా. మొదటి ఏడాది అంకెలు ఎక్కువగానే ఉంటాయి, ఎందుకంటే మాల్‌లోని నీళ్లు ఇంకా ఆరుతుంటాయి. రెండో, మూడో చలికాలాలతో పోల్చండి. ప్రతి ఎండాకాలం చివరికి అంకె కిందటి ఏడాది కన్నా దిగాలి. దూలం 20 శాతం పైనే నిలిచి ఉంటే బోర్డు విప్పక ముందు గట్టరు, పైపు, పాయింటింగు (ఇటుకల సందుల్లోని మాల్) మళ్లీ చూడండి, ఎక్కువ సార్లు నీళ్లు అక్కడి నుంచే వస్తాయి. అవి బాగున్నా దిగకపోతే దూలం పైన, కింద 300 మి.మీ. మేర బోర్డు కోసి తీసేసి, ఒక ఎండాకాలం ఆగి మళ్లీ కొలవండి.